కుట్టు యూనిట్‌లో స్పెక్ షీటు, ఎస్ఓపీ ఎలా రాసుకోవాలి?

"ఎస్ఓపీ ఫార్మాట్ ఏదైనా ఉంటే పంపండి." విజయవాడ, గుంటూరు వైపు కుట్టు యూనిట్లు నడిపేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ఎస్ఓపీ అంటే స్టాండర్డ్ ఆపరేటింగ్ ప్రొసీజర్, పని చేసే పద్ధతి రాసిపెట్టుకునే కాగితం. కథ కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. ఇన్నాళ్లూ విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో తెలిసిన షాపులకు నైటీలో, యూనిఫాంలో కుట్టి ఇచ్చారు. అంతా నోటిమాట మీదే నడిచింది. ఇప్పుడొక పెద్ద ఆర్డరు తగిలింది, బయ్యర్ కాగితాలు అడిగాడు. దాంతో టెన్షన్. రాత్రికి రాత్రి నెట్‌లోంచి ఒక లావుపాటి ఫైలు దించి, పైన పేరు మార్చి పంపేస్తారు. బయ్యర్ మనిషి యూనిట్‌కి వచ్చి కాలర్ మెషిన్ దగ్గరున్న టైలర్‌ని "అంగుళానికి ఎన్ని కుట్లు వేస్తున్నావమ్మా?" అని అడగ్గానే విషయం బయటపడుతుంది.

అందుకే ఫార్మాట్ ఇవ్వను, రాసుకునే పద్ధతి చెప్తాను. ఉదాహరణకి స్కూల్ యూనిఫాం చొక్కా తీసుకుందాం. నైటీకైనా, ప్యాంటుకైనా దారి ఇదే.

ముందు ఒక్క తేడా గుర్తుంచుకోండి. పీసు ఎలా ఉండాలో చెప్పేది స్పెక్ షీటు. పని ఎలా చేయాలో చెప్పేది ఎస్ఓపీ. స్పెక్ ఆర్డరు ఆర్డరుకీ మారుతుంది, ఎస్ఓపీ అంత తొందరగా మారదు. రెండూ ఒకే కాగితం మీద కలిపి రాశారంటే ప్రతి ఆర్డరుకీ మొత్తం తిరగరాయాల్సిందే. రెండోసారి ఎవరూ తిరగరాయరు.

కావలసినవి

- బయ్యర్ ఒప్పుకుని సంతకం పెట్టిన శాంపిల్ పీసులు రెండు. ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మీ దగ్గర.
- ఆర్డరుకి వాడబోయే బట్టలోంచే కనీసం రెండు మీటర్లు. షాపువాళ్లు చూపించిన చిన్న ముక్క పనికిరాదు.
- కొత్త టేపులు, ఒక స్టీలు స్కేలు. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి. యూనిట్‌లో ఉన్న టేపులన్నీ స్కేలు పక్కన పెట్టి చూడండి, తేడా ఉన్నవి అక్కడే కత్తిరించి పారేయండి.
- గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న తూకం.
- ఫోను కెమెరా.
- కటింగ్ మాస్టర్, లైన్ సూపర్వైజర్, చెకింగ్ చేసే ఒకరు. ముగ్గురూ ఒకేసారి, పని మధ్యలో కాకుండా.

1. "బాగా", "నీట్‌గా" అన్న మాటలు ఏరేయండి

శాంపిల్ పీసు బల్ల మీద పరిచి, అది ఎలా ఉండాలో మీకు తోచినట్టు ఒక పేజీ రాయండి. తర్వాత ఎర్ర పెన్నుతో "బాగా", "నీట్‌గా", "గట్టిగా", "సరిపడా", "కొంచెం" లాంటి మాటలన్నిటికీ సున్నా చుట్టండి. సున్నా పడిన ప్రతిచోటా ఒక కొలతో, ఒక పరీక్షో, ఒక ఫొటోనో రావాలి.

"కాలర్ గట్టిగా ఉండాలి" అని రాశారనుకోండి. మీ గట్టి వేరు, బయ్యర్ గట్టి వేరు. దాన్ని ఇలా మార్చండి: "కాలర్‌కి శాంపిల్‌లో వాడిన నంబరు బకరమే, ఒకే పొర. అతికించి పూర్తిగా చల్లారాక మూల పట్టి లాగితే బట్ట నుంచి ఊడకూడదు. ఐదుసార్లు ఉతికాక కాలర్ మీద బుడగలు కనిపించకూడదు." (బకరం అంటే కాలర్ బిర్రుగా నిలబడటానికి లోపల అతికించే గుడ్డ.)

"పాకెట్ నీట్‌గా" అన్నది ఇలా మారుతుంది: "పాకెట్ అంచు నుంచి కుట్టు 1 నుంచి 2 మి.మీ. లోపల. పై మూలలు రెండిట్లోనూ వెనక్కి కుట్టు. గళ్ల బట్ట అయితే పాకెట్ గళ్లు, చొక్కా గళ్లు కలవాలి, 2 మి.మీ. దాకా తేడా పర్వాలేదు." గళ్లు కలపాలంటే బట్ట ఎక్కువ పడుతుంది. ఆ మాట రేటు ఒప్పుకునే ముందే మాట్లాడుకోండి, కటింగ్ బల్ల దగ్గర కాదు.

కొలతకి లొంగనివి కొన్ని ఉంటాయి. కాలర్ మొన ఆకారం, చంక దగ్గర ముడత లాంటివి. వాటికి తప్పూ ఒప్పూ పక్కపక్కనే పెట్టి రెండు ఫొటోలు తీసి అతికించండి. వివరించి లాభం లేదు.

2. బట్ట వివరాలు

నూలు ఏది, పాలియెస్టర్ ఎంత శాతం, పన్నా (బట్ట వెడల్పు) ఎంత, జీఎస్ఎం ఎంత, రంగుకి ఒప్పుకున్న ముక్క ఏది. ఇవి సప్లయర్ చెప్పినవి కాకుండా మీరు చూసినవి రాయండి.

జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట బరువు. దానికి ప్రత్యేకంగా కట్టర్ దొరుకుతుంది. లేకపోతే స్కేలుతో సరిగ్గా 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ముక్కలు ఐదు, తానులో వేర్వేరు చోట్ల నుంచి కోయండి. అంచు దగ్గర కోయొద్దు, అక్కడ నేత చిక్కగా ఉంటుంది. ఐదూ తూచి సగటు తీసి వందతో గుణించండి. సగటు 1.35 గ్రాములు వస్తే బట్ట 135 జీఎస్ఎం. నూలు బట్ట గాలిలో తేమ లాగుతుంది కాబట్టి, వానాకాలంలో తూచిన అంకెకీ ఎండాకాలంలో తూచిన దానికీ కొంచెం తేడా ఉంటుంది. అందుకే సప్లయర్‌తో ఒప్పందంలో ఒక్క అంకె కాకుండా, 5 శాతం అటూఇటూ అని రాసుకోవడం మంచిది.

ఉతికితే ఎంత కుంచించుకుపోతుందన్నది అసలు చూడాల్సిన సంగతి. బట్ట మీద నిలువుగా 50 సెం.మీ., అడ్డంగా 50 సెం.మీ. చెరగని ఇంకుతో గుర్తులు పెట్టండి. పిల్లల ఇళ్లలో ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. నిలువు 48.5 వచ్చిందంటే తగ్గింది 1.5, అంటే 3 శాతం. అప్పుడు ఉతికాక 68 సెం.మీ. నిడివి కావాలంటే 68ని 0.97తో భాగించాలి, ప్యాటర్న్‌లో కుట్టు మార్జిన్ కాకుండా 70.1 సెం.మీ. ఉండాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు, నిలువుకి వచ్చిన శాతాన్నే అడ్డానికీ వేయడం. రెండూ వేరుగా కుంచించుకుపోతాయి. వేరుగానే కొలవండి, వేరుగానే రాయండి.

రంగు పరీక్షకి తెల్ల నూలుగుడ్డతో పొడిగా పదిసార్లు, తడిపి పదిసార్లు రుద్ది చూడండి. తెల్ల చొక్కాకి మెరూనో, నేవీ బ్లూనో పైపింగ్ పెట్టే ఆర్డర్లలో ఇది వదలొద్దు. ఇది ఇంటి పరీక్షే; బయ్యర్ ల్యాబ్ రిపోర్టు అడిగితే దీన్ని చూపించడం కుదరదు.

తాను చూసేటప్పుడు నాలుగు పాయింట్ల పద్ధతి చాలు. తప్పు పొడవు 3 అంగుళాల లోపైతే 1 పాయింటు, 6 లోపైతే 2, 9 లోపైతే 3, అంతకు మించితే 4. చిల్లు అంగుళం లోపైతే 2, దాటితే 4. ఒక గజంలో ఎన్ని తప్పులున్నా 4కి మించి వేయకూడదు. మొత్తం పాయింట్లను 3600తో గుణించి, గజాల్లో పొడవుతోనూ అంగుళాల్లో పన్నాతోనూ భాగిస్తే 100 చదరపు గజాలకి ఎన్నో తెలుస్తుంది. 110 గజాల తాను, 58 అంగుళాల పన్నా, 36 పాయింట్లు అనుకుంటే సుమారు 20. మామూలుగా 40 దాకా ఒప్పుకుంటారు. మీ హద్దు ఎంతో షీటులో రాయండి.

మంగళగిరి చేనేత బట్టతో కుర్తాలు కుట్టేవాళ్లు ఈ లెక్క యథాతథంగా పెట్టుకోవద్దు. మరమగ్గం బట్టని చూసిన కంటితో చేనేతని చూస్తే ప్రతి తానూ రిజెక్టే. ముడులు, చిన్న సందులు ఎంతవరకు సహజమో బయ్యర్‌కి ముక్క చూపించి, ఆ ముక్కనే షీటుకి పిన్ను చేయండి. పన్నా మాత్రం ప్రతి తానుకీ కొలవండి.

3. కొలతల పట్టిక

ప్రతి కొలతకీ నాలుగు సంగతులు ఉండాలి: పేరు, ఎక్కడ నుంచి ఎక్కడికి, అంకె, ఎంత తేడా ఒప్పుకుంటాం. పైన పెద్దక్షరాలతో ఇంకొకటి రాయండి: ఇవి ఉతకక ముందు కొలతలా, ఉతికాకా? ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల వచ్చినన్ని గొడవలు ఇంకెందువల్లా రావు.

మాదిరికి 36 సైజు చొక్కా (ఉతికాక):

- నిడివి: మెడ పక్కన భుజం బాగా ఎత్తుగా ఉన్న చోటు నుంచి కింది మడత అంచు వరకు. 68 సెం.మీ., తేడా 1.
- సగం ఛాతీ: చంక కిందికి 2.5 సెం.మీ. దిగి, ఇటు సైడు కుట్టు నుంచి అటు సైడు కుట్టు వరకు. 50 సెం.మీ., తేడా 1.
- కాలర్: గుండీ మధ్య నుంచి కాజా బయటి చివర వరకు. 37 సెం.మీ., తేడా 0.5.

అంకెలు మీ ఆర్డరువి వేసుకోండి, రాసే తీరు చూడండి. "మెడ దగ్గర నుంచి" అని వదిలేస్తే ముగ్గురు మూడు చోట్ల టేపు పెడతారు.

తేడా ఎంత ఒప్పుకోవాలన్నది ఊరికే పడేయొద్దు. ఒక సైజుకీ తర్వాతి సైజుకీ సగం ఛాతీ 2.5 సెం.మీ. పెరుగుతుందనుకోండి. తేడా 1 అయితే 36లో పెద్దది 51, 38లో చిన్నది 51.5, సరిపోయింది. అదే తేడా 1.5 ఇచ్చారంటే 36 లేబుల్ ఉన్న చొక్కా 38 కంటే పెద్దదిగా ఉండి కూడా చెకింగ్ పాసైపోతుంది. స్కూల్లో అన్నదమ్ముల చొక్కాలు పక్కపక్కన పెట్టి తల్లి చూసేసరికి మీ పేరు పోతుంది.

బయ్యర్ సెంటీమీటర్లలో ఇస్తాడు, మన మాస్టర్‌కి అంగుళాలే అలవాటు. మాస్టర్ మనసులో లెక్క కట్టుకోకూడదు. పక్కన ఇంకో గడి గీసి మీరే అంగుళాలు రాసివ్వండి.

4. కుట్టు, దారం, సామాను

ఇది త్వరగా అయిపోతుంది. చొక్కాకి సాధారణంగా సింగిల్ నీడిల్ మెషిన్ కుట్టు, అంటే 301 రకం. సైడు జాయింట్లకి ఐదు దారాల ఓవర్‌లాక్, అంటే 516. అంగుళానికి 11 నుంచి 12 కుట్లు. దారం పాలియెస్టర్ టికెట్ 120 (ఇది దారం మందం నంబరు), పల్చటి బట్టకి 11 నంబరు సూది. గుండీ 18 లైను, అంటే అడ్డంగా సుమారు 11.4 మి.మీ., నాలుగు రంధ్రాలు. దారం రంగుకి పేరు రాయకుండా కంపెనీ షేడ్ నంబరు రాయండి.

బకరం అతికించే వేడి, టైము, ఒత్తిడి బకరం సప్లయర్ ఇచ్చిన అంకెలే వేయండి, పక్క యూనిట్‌వి తెచ్చుకోవద్దు. మెషిన్ డయల్ మీద చూపించే వేడి, బట్టకి తగిలే వేడి ఒకటి కాకపోవచ్చు. వేడికి రంగు మారే స్టిక్కర్లు దొరుకుతాయి, వాటితో చూసుకోండి.

5. తప్పుల జాబితా

మూడు వరుసలు. విరిగిన సూది ముక్క, మొనదేలిన గుండీ లాంటివి ప్రమాదకరం: ఒక్కటి దొరికినా లాట్ ఆగాలి. కుట్టు ఊడటం, మరక, కొలత తప్పటం, ఒకే చొక్కాలో రెండు షేడ్లు, ఇవి పెద్ద తప్పులు. కత్తిరించని దారం పోగు లాంటివి చిన్నవి. ఏది ఏ వరుసలోకి వస్తుందో బయ్యర్‌తో ముందే ఒప్పించుకుని సంతకం తీసుకోండి. సరుకు వెళ్లాక మాట్లాడితే ప్రతిదీ పెద్ద తప్పే.

6. ఎస్ఓపీని మెషిన్ పక్కన నిలబడి రాయండి

ఏసీ గదిలో కూర్చుని రాసిన ఎస్ఓపీ చదవగానే తెలిసిపోతుంది. "ఆపరేటర్ నాణ్యతా ప్రమాణాలను పాటించవలెను" అని ఉంటుంది. దాన్ని చదివి ఏ టైలర్ అయినా చేయి ఎటు కదపాలో చెప్పమనండి!

పని బాగా చేసే మనిషి పక్కన నిలబడి, చేసింది చేసినట్టు రాసుకోండి. ఒక వాక్యానికి ఒకే పని. మొత్తం పది వాక్యాలు దాటితే ఆ పనిని రెండుగా విడగొట్టండి. చివర్న రెండు లైన్లు తప్పనిసరి: సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి, రాకపోతే ఎవరికి చెప్పాలి. మాదిరికి ఒకటి పూర్తిగా ఇస్తున్నాను.

సూది విరిగితే:

1) పెడల్ మీంచి కాలు తీసి స్విచ్ ఆపాలి.
2) కుడుతున్న పీసు, పక్కనున్న పీసులు కదపకూడదు.
3) సీట్లోనే ఉండి సూపర్వైజర్‌ని పిలవాలి.
4) పీసు, బల్ల, బాబిన్ పెట్టె, నేల, ఒంటి మీద బట్టలు అన్నీ అయస్కాంతంతో వెతకాలి.
5) దొరికిన ముక్కలు రిజిస్టర్‌లో టేపుతో అతికించి, సూది మొత్తం వచ్చిందో లేదో కొత్త సూదితో పోల్చి చూడాలి.
6) మొత్తం వస్తేనే కొత్త సూది ఇవ్వాలి. తేదీ, టైము, మెషిన్ నంబరు, ఇద్దరి సంతకాలు.
7) ఒక్క ముక్క తక్కువైనా ఆ బండిల్ ఎర్ర డబ్బాలోకి వెళ్లాలి. మేనేజర్ చెప్పేదాకా లైన్‌లోకి రాకూడదు.

ఐదో లైన్ చూడండి. చాలా యూనిట్ల కాగితాల్లో "ముక్కలు సేకరించవలెను" అని ఆపేస్తారు. అన్నీ దొరికాయని ఎలా తెలుస్తుందో రాయరు.

జూన్‌లో బడులు తెరిచేలోపు యూనిఫాంలు ఇవ్వాలి కాబట్టి అసలు పని ఏప్రిల్, మే నెలల్లోనే పడుతుంది. బెజవాడ ఎండల్లో తెల్లబట్ట మీద చెమట చేతి మరకలు మామూలే. తెల్లబట్ట ఎస్ఓపీలో "ప్రతి బండిల్ మొదలుపెట్టే ముందు చేతులు కడిగి తుడుచుకోవాలి, తుండు మెషిన్‌కి కుడిపక్క కొక్కేనికి ఉండాలి" అన్న లైన్ పెట్టండి. తుండు కూడా మీరే ఇవ్వండి.

ఏ భాషలో? మెషిన్ దగ్గర ఉన్నవాళ్లు చదివే భాషలో. తెలుగువాళ్లకి తెలుగు, బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు ఉంటే వాళ్లది. బయ్యర్‌కి ఇంగ్లిష్ కాపీ వేరే ఉంచండి. కాజా అనే చోట కాజా అనే రాయండి, బకరం అనే చోట బకరం. చదువు రానివాళ్లు ఉంటే ఫొటోలు, పక్కన అంకెలు.

7. ఆ పని తెలియని మనిషితో చేయించి చూడండి

రాసింది ఆ పని రోజూ చేసే మనిషికి ఇస్తే అంతా బాగుందనే అంటారు. కాగితంలో లేనిది వాళ్ల చేతుల్లో ఉంటుంది. పక్క మెషిన్ మనిషికి కాగితం, మూడు పీసులు ఇచ్చి మీరు నోరు మూసుకుని నిలబడండి. వాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నా కాగితంలో లేని ఒక లైన్. అక్కడే రాసేయండి.

కొలతల పట్టికకి వేరే పరీక్ష. ఐదు పీసులకి నంబర్లు వేసి, ముగ్గురితో విడివిడిగా కొలిపించండి. ఒకరి అంకెలు ఇంకొకరు చూడకూడదు. ఒకే పీసుకి ముగ్గురి మధ్య తేడా, మీరు ఒప్పుకునే తేడాలో సగం దాటిందంటే పీసుల తప్పు కాదు. ఎక్కడ నుంచి ఎక్కడికి అన్న వాక్యం సరిగ్గా లేదు, లేదా బట్ట పరిచేటప్పుడు ఒకరు లాగుతున్నారు.

8. సరుకు వెళ్లే ముందు

ఎన్ని పీసులు చూడాలో ఇష్టప్రకారం అనుకోవద్దు. ఐఎస్ఓ 2859-1 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని పట్టికలు ఇందుకే ఉన్నాయి. పెద్ద తప్పులకి ఏక్యూఎల్ (ఒప్పుకునే తప్పుల హద్దు) 2.5 పెట్టుకుంటే, మామూలు తనిఖీ రెండో స్థాయిలో ఇలా వస్తుంది: 281 నుంచి 500 పీసుల లాట్‌కి 50 పీసులు చూడాలి, 3 తప్పుల దాకా పాస్, 4 వస్తే ఫెయిల్. 501 నుంచి 1200కి 80 పీసులు; 5 దాకా పాస్, 6కి ఫెయిల్. 1201 నుంచి 3200కి 125. 7 దాకా పాస్, 8కి ఫెయిల్.

పీసులు తీసేటప్పుడు పై పెట్టెలోవే తీస్తుంటారు. అన్ని సైజుల్లోంచి, అడుగు పెట్టెల్లోంచి కూడా తీయాలి. ఫెయిలైతే మళ్లీ ఇంకో 80 తీసి చూడటం తనిఖీ కాదు, పాసయ్యేదాకా లాటరీ ఆడటం. లాట్ మొత్తం చూసి బాగుచేశాకే రెండోసారి.

9. మార్పులు, పాత కాపీలు

ప్రతి షీటు కింద మూలన నంబరు, తేదీ, ఎన్నో మార్పు, ఎవరి సంతకం. కొత్త కాపీ ఇచ్చేటప్పుడు పాతది చేతికి తీసుకుని చించేయండి. బయ్యర్ వాట్సాప్‌లో "గుండీ మార్చండి" అని పెడితే, అది షీటులోకి ఎక్కి కొత్త తేదీ పడేదాకా లైన్‌కి చెప్పొద్దు. రెండు షీట్లు తిరుగుతున్న ఫ్లోర్ మీద ఎవరు చెప్పిందీ తప్పు కాదు, నష్టం మాత్రం మీది.

సంతకం పెట్టిన శాంపిల్, ప్యాటర్న్ అట్టలు, అసలు కాగితాలు నేల మట్టంలో పెట్టకండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో చూశాం. శాంపిల్ పాలిథిన్ కవర్లో, వెలుతురు తగలని చోట, పై అరలో. ఎండ పడితే రంగు వెలిసి, అదే పీసుతో షేడ్ పోల్చుకుంటూ కూర్చుంటారు.

మొత్తం ఎన్ని ఎస్ఓపీలు కావాలి?

చిన్న యూనిట్‌కి మొదట ఐదు చాలు: తాను చూడటం, లే వేసి (బట్టని పొరలుగా పరిచి) కోయడం, బకరం అతికించడం, సూది విరిగితే చేసేది, ఆఖరి చెకింగ్. అన్నిటికంటే ముందు కటింగ్‌ది రాయండి. కుట్టు తప్పితే విప్పి ఆల్టర్ చేయొచ్చు, కోత తప్పితే లేలో ఉన్న పొరలన్నీ ఒకేసారి పోతాయి. అందులో ఈ మూడు లైన్లు ఉన్నాయో లేదో చూసుకోండి: వేర్వేరు షేడ్ తానుల మధ్య కాగితం పొర వేయాలి, కోశాక పై పొర, మధ్య పొర, అడుగు పొర మూడూ ప్యాటర్న్ మీద పెట్టి చూడాలి, ముక్కలు బల్ల మీంచి కదిలేముందే తాను నంబరు, సైజు, పొర నంబరు వేసిన టికెట్ ప్రతి ముక్కకీ అంటించాలి. టికెట్ అంటించడం సాయంత్రానికి వాయిదా వేస్తే, ఒక తాను చేతులు ఇంకో తాను ఒంటికి ఎక్కుతాయి. అది ఫ్లోర్‌లో ట్యూబ్‌లైట్ కింద కనబడదు, స్కూలు గ్రౌండులో ఎండలో కనబడుతుంది.